కాలు ఇలా పెట్టండి

మా పెదనాన్నను ఇంట్లో అందరం జోళ్ళ పెదనాన్న అనే పిలిచేవాళ్ళం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన బూట్ల దుకాణంలోనే పనిచేశాడు. మనుషుల ముఖాలు మరిచిపోతాడు గానీ పాదాలు మరిచిపోడు. "అదేనే, ఎడమ బొటనవేలు వంకరాయన" అంటే, ఆ ఆసామీ ఎవరో మేం తలలు బద్దలు కొట్టుకోవాలి.

ఆయన పని పద్ధతి ఒకటే. వచ్చినవాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా మోకాలి మీద కూర్చుని "కాలు ఇలా పెట్టండి" అనేవాడు. మడమ వెనక ఇత్తడి రేకు పెట్టి జోడు తొడిగి, వేళ్ళ దగ్గర నొక్కి చూసి, నాలుగడుగులు నడిపించేవాడు. పెట్టె చేతికిచ్చి మీరే వేసుకోండి అనేవాళ్ళంటే ఆయనకు గిట్టదు. చిన్నప్పుడు మా అందరి మొదటి జోళ్ళూ ఆయన చేత్తో తొడిగినవే.

ఆ దుకాణం మూతపడింది. యజమాని కొడుకులు దాన్ని ఫోన్లు అమ్మేవాళ్ళకు ఇచ్చేశారు. అప్పటికి పెదనాన్నకు అరవై దాటాయి. పిల్లల్లేరు. పెద్దమ్మది గుండెజబ్బు, ఒక్క పూట కూడా మందులు మానడానికి లేదు. "నేను లేనా అన్నయ్యా?" అని నాన్న అంటే, "ఉన్నావు గనకే ధైర్యంగా పని వెతుక్కుంటున్నా" అని నవ్వేశాడు. తమ్ముడి ముందైనా చెయ్యి చాచడం ఆయన వల్ల కాదు. ఎలాగైనా పని దొరకాలి.

ఒకచోట చురుకైన కుర్రాళ్ళు కావాలన్నారు. ఇంకోచోట కబురు చేస్తామన్నారు, ఆ కబురు ఇప్పటికీ దారిలోనే ఉంది. మరోచోట ముక్కుపచ్చలారని మేనేజరొకడు "ఈ వయసులో మీకెందుకండీ శ్రమ? హాయిగా విశ్రాంతి తీసుకోక" అన్నాట్ట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. విశ్రాంతి తీసుకునేవాడికి అన్నం ఎవరు పెడతారో మాత్రం చెప్పరు.

చివరికి పెద్ద బజారులో కొత్తగా తెరిచిన బూట్ల షాపువాళ్ళు ఒకరోజు పని చేసి చూపించమన్నారు. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి పెదనాన్న అద్దం ముందు నిలబడి, జోళ్ళకు వేసే నల్ల పాలిష్ మీసానికి పూస్తున్నాడు. జుట్టుకు వేసిన రంగు మీసం దాకా సరిపోలేదట.

"అదేం పని పెదనాన్నా! వాసనొస్తుంది."

"బూట్ల కొట్లో బూట్ల వాసన రాక సెంటు వాసనొస్తుందేంటే?"

"చెప్పకమ్మా ఆయనకి. మెరుపు రాలేదని బ్రష్షు పెట్టి రుద్దినా రుద్దుతాడు" అంది పెద్దమ్మ లోపల్నుంచి. ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ ఇంట్లో అంత నవ్వు విని చాలా కాలమైంది.

షాపు దాకా నేనే తీసుకెళ్ళి ఓ పక్కన కూర్చున్నాను. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒకతను వచ్చాడు. పెదనాన్న మోకాలి మీద కూర్చుని, "కాలు ఇలా పెట్టండి" అన్నాడు. అతను చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"అయ్యో, మీరు పట్టుకోవడమేంటండీ! పెద్దవారు."

"నా పనే ఇది బాబూ."

అతను వినలేదు. తనే తొడుక్కోబోయి, మొహమాటపడి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన అమ్మాయి ఏకంగా లేచి నిలబడింది. మధ్యాహ్నం దాకా అదే వరస.

యజమాని చెడ్డవాడు కాదు. నా బాధంతా అదే. పెదనాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడి మాట్లాడాడు. "మీ పనికి వంక పెట్టలేనండీ. కానీ మీరు కాళ్ళ దగ్గర కూర్చుంటే అందరూ ఇబ్బంది పడుతున్నారు. మా నాన్నగారి వయసు మీది. నాకే చూడబుద్ధి కాలేదు."

"పోనీ, నిలబడి చేసే పనేదైనా?"

"వాటికి పిల్లలున్నారండీ."

చేతులు జోడించి గుమ్మం దాకా సాగనంపాడు. కాస్త మర్యాద తగ్గించి ఓ పని ఇచ్చుంటే ఆయన సొమ్మేం పోయేది?

"నేనెలా తొడుగుతానో ఒక్కళ్ళూ చూడనేలేదే" అన్నాడు పెదనాన్న దారిలో. చెమటకు పాలిష్ కరిగి పెదవి మీదికి దిగింది. నా రుమాలుతో తుడుచుకున్నాక మీసం మళ్ళీ తెల్లబడింది.

ఇంటికి రాగానే పెద్దమ్మ ఆయన ముఖం చూసి మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తాగి, అలమారలోంచి ఒక పెట్టె తీశాడు. మర్నాడు నేను మొదటిసారి ఉద్యోగంలో చేరాలి.

"మా కొట్టు మూసేరోజు నీకోసం తీసిపెట్టానే. కూర్చో."

మంచం అంచున కూర్చున్నాను. ఆయన గోడ పట్టుకుని మెల్లగా మోకాలి మీదికి దిగి, జేబులోంచి ఇత్తడి రేకు తీశాడు. "కాలు ఇలా పెట్టు."

పొద్దున్నించీ ఆ వచ్చినవాళ్ళ మీదా, ఆ యజమాని మీదా పళ్ళు నూరుతూనే ఉన్నాను. అయినా ఆ తెల్లమీసం నా కాళ్ళ దగ్గరికి వంగేసరికి నా కాలు వెనక్కి వచ్చేసింది. "నేను వేసుకుంటాలే పెదనాన్నా" అన్నాను.

ఆయన రేకు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచాడు.