దిమ్మె మీద పూలు

మంగళగిరిలో మేడే అంటే మగ్గాలన్నీ ఆగిపోయే రోజు. చేనేత సంఘం నాగభూషణం గారు ఎర్రజెండా ఎగరేసి, ఎనిమిది గంటల పని కోసం షికాగోలో ఉరికంబమెక్కిన వీరుల గురించి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవారు. కూతురు రాధారాణికి అక్కడి ఇంజనీరుతో పెళ్లి కుదిరినప్పుడు అందరూ అమెరికా అని మురిసిపోతే, ఆయన మాత్రం షికాగో అని మురిసిపోయారు.

"ఏటా మేడే నాడు ఆ వీరులున్న చోట నా పేర నాలుగు పూలు పెట్టు తల్లీ," అన్నారు. ఆయన కూతుర్ని కోరిన కోరిక అదొక్కటే.

1979లో, కాపురానికి వచ్చాక తొలి మేడే. పొద్దున్నే భర్త కృష్ణమోహన్ టై కట్టుకుంటుంటే రాధారాణి తెల్లబోయింది.

"ఇవాళ సెలవు కదండీ! మేడే!"

"మేడే ఏంటి? ఇక్కడ లేబర్ డే సెప్టెంబర్‌లో వస్తుంది. సేల్స్ ఉంటాయి, నీకు వింటర్ కోట్ కొందాంలే."

షికాగో పేరు చెప్పి సగం లోకం సెలవు తీసుకుంటే, షికాగో మాత్రం టై కట్టుకుని ఆఫీసుకు పోతోంది! ఆమె పోరు పడలేక కృష్ణమోహన్ దారిలో, ఆనాటి కార్మికుల సభ జరిగిన హేమార్కెట్ కూడలి దగ్గర దింపి, కారు దిగకుండానే వెళ్లిపోయాడు. అక్కడ హైవే పక్కన విగ్రహం లేని రాతి దిమ్మె ఒకటుంది. వీరుల విగ్రహాన్ని సర్కారే పీకేసి ఉంటుందని రాధారాణి తనకు తనే కథ అల్లుకుని, పూలు దాని మీద పెట్టి, కళ్లు తుడుచుకుంది. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఏటా పెట్టింది. ఆ సంగతి విన్న నాగభూషణం గారు ప్రతి సభలోనూ చెప్పుకున్నారు.

పిల్లలు లేరు. భర్త చీకటి పడితే గానీ రాడు. పలకరించే మనిషి లేక ఆమె వంటింటి గిన్నెలతో మాట్లాడేది. అలాంటి రోజుల్లో, వీధి చివరి కొట్లోంచి మగ్గం చప్పుడు వినబడి ప్రాణం లేచొచ్చింది. మెక్సికో నుంచి వచ్చిన ఎవుసేబియో అనే ముసలాయన అక్కడ ఉన్ని కంబళ్లు నేస్తాడు. మంగళగిరిలో గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తారు, ఈయన నిలబడి నేస్తాడు. అంతే తేడా. నాగజెముడు మీద బతికే పురుగుల్ని నూరి ఎరుపు రంగు తీస్తాడు. ఆమె అడక్కుండానే వెళ్లి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి మాటలు తక్కువ, పని ఎక్కువ.

1984 ఏప్రిల్ ఆఖరు రోజున ఆయన అన్నాడు: "టుమారో క్లోజ్. మే ఫస్ట్."

రాధారాణి చేతిలో కండె ఆగిపోయింది. ఈ ఊళ్లో ఆ మాట అన్న మొదటి మనిషి! ఆమె సంబరంగా తన పూల సంగతి చెప్పింది.

ఎవుసేబియో ముఖం ఇబ్బందిగా మారింది. "ఆ స్టోన్? నో, సెన్యోరా. అక్కడ ఇదివరకు ఉన్నది పోలీస్ స్టాచ్యూ. ఆ గొడవలో చచ్చిన పోలీసుల కోసం."

ఐదేళ్లుగా నాన్న పేర పోలీసుకు పూలు పెట్టింది! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన ఆమెను రైల్లో ఊరి శివారు శ్మశానానికి తీసుకెళ్లాడు. అక్కడ, నేలకొరిగిన కార్మికుడి తల మీద ఆకుల కిరీటం పెడుతున్న స్త్రీ విగ్రహం కింద, అసలు వీరులు ఉన్నారు. ఎర్ర ఉన్నితో కట్టిన పూలు ఆమె అక్కడ పెట్టింది.

అంతా చెప్పేయాలనే ఆ వారం మంగళగిరిలో షావుకారు గారింటికి ఫోన్ బుక్ చేసింది. నాన్నను పిలిపించారు. ఆయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"నాన్నా, ఈ ఏడు వీరుల దగ్గర పూలు పెట్టాను!"

"ఏటా పెడుతూనే ఉన్నావుగా తల్లీ, అందులో కొత్తేముంది?" అని ఆయన నవ్వారు. "మొన్న మేడే సభలో కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు."

రాధారాణి నోరు తెరిచింది. లైను గరగరలాడింది.

"అవున్నాన్నా," అంది.