చివరి స్థానం సదయ్య కాకది

మా సదయ్య కాక ఎవరు గెలుస్తారంటే వాళ్ళు ఓడిపోతారు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా ఎరిగిన సంగతే. కనకవ్వ తన మనవణ్ణి పరీక్షకు ఆయన గుమ్మం ముందు నుంచి పోనివ్వదు, వెనక సందులోంచి నడిపిస్తుంది. పొరపాటున "పాసయితవ్ పో బిడ్డా" అంటాడేమోనని భయం.

ఈ కీర్తి తెచ్చిపెట్టింది ఫోన్‌లో ఆడే సుమో జోస్యాల ఆట. జపాన్‌లో రెండు నెలలకోసారి పదిహేను రోజులు కుస్తీలు జరుగుతాయి. రోజూ పది జోడీల్లో గెలిచేదెవరో మధ్యాహ్నం పన్నెండులోపు నొక్కాలి. పైసా పెట్టేది లేదు, వచ్చేది లేదు. దేశదేశాల వాళ్ళూ ఆడతారు, చివర్లో అందరి పేర్లూ వరుసగా వేస్తారు.

ఆట పట్టింది మొదట నేనే. బొగ్గుబాయిలో బొగ్గు మోసే టబ్బు కింద పాదం నలిగి, అన్‌ఫిట్ అని రాయించుకుని, ఇరవై తొమ్మిదేళ్ళకే మంచం పట్టినవాడికి వేరే పనేముంది? చూడ్డానికొచ్చినవాళ్ళు అరటిపళ్ళు పెట్టి, కాలు చూసి, అయ్యో అని పోయేవారు. ఆ అయ్యో వింటే ఒళ్ళు మండేది. ఎవడి బొజ్జ పెద్దదైతే వాణ్ణి నొక్కాను. మూడువందల పదకొండు మందిలో మూడువందల పదకొండో స్థానం వచ్చింది. ఆఖరికి బొజ్జల ఆటకు కూడా పనికిరాలేదని ఫోన్ గోడకేసి కొట్టి ఏడ్చాను. అప్పుడే లోపలికొచ్చిన పక్క క్వార్టర్ సదయ్య కాక, అయ్యో అనలేదు. ఫోన్ ఏరి నా చేతిలో పెట్టి, "నాకు గూడ నేర్పియ్యి రా ప్రశాంత్" అన్నాడు.

తర్వాతి టోర్నీ నుంచి ఆఖరి స్థానం కాకది. వరుసగా ఏడు టోర్నీలు, ఒక్కసారీ జారవిడవలేదు. నేను ఆయనకు ఒక్క మెట్టు పైన. ఆ సుఖం చెప్పనలవి కాదు. రోజూ కుస్తీలు ముగియగానే ఆయన్ని దెప్పడానికని కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. మోకాలికి కట్టు కట్టుకుని కుంటుతున్నవాణ్ణి ఎట్లా నొక్కావని అడిగితే, "మంచిగనే కనిపిచ్చిండు రా" అనేవాడు. ఆ వస్తాదులకు ఈయన సంగతి తెలిస్తే మా గోదావరిఖని రోడ్డు మీదకొచ్చి ధర్నాకు కూర్చునేవారు.

మొన్న జనవరిలో కాకకు నూటయాభైకి నలభై తొమ్మిది ఒప్పు, నాకు యాభై ఎనిమిది. దెప్పుదామని పోతే ఆయన దవాఖానకు పోయాడు. ఆయన భార్య సారక్క చిన్నమ్మ చాయ్ ఇచ్చి, గూట్లోని నోట్‌బుక్ చూపించి, తెల్లారకముందే లేచి ఆ వస్తాదుల పాత కుస్తీలన్నీ చూస్తూ అందులో రాసుకుంటాడని మొత్తుకుంది.

తెరిచాను. రోజుకు పది పేర్లున్నాయి. ఒక్కటీ ఆయన ఫోన్‌లో నొక్కింది కాదు, అన్నీ ఆయన నొక్కినవాళ్ళ మీద కుస్తీ పట్టినవాళ్ళవే. లెక్కపెడితే నూటొకటి ఒప్పు. లోకంలో మొదటొచ్చినవాడికి తొంభై ఎనిమిది.

సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ ముసలాయన భుజాలెక్కి నిలబడి ఆయన్నే దెప్పానన్నమాట. కాక రాగానే నోట్‌బుక్ ముందు పడేశాను.

"గిదేంది కాకా? నువ్వు గూడ జాలి పడుతున్నవా?"

ఆయన చెప్పులు విడిచి నింపాదిగా కూర్చున్నాడు. "ముప్పై ఏండ్లు బాయిల సర్దార్‌గ చేసిన. షిఫ్టు అయినంక మందినంత లెక్కపెట్టి పైకి పంపి, అందరి ఎన్క నేనొచ్చేటోన్ని. ముందుగాల పైకొచ్చుడు నాకు అలవాటు లేదు రా. నువ్వింక లోపల్నే ఉంటివి."

ముందు నేను పైకొస్తేగానీ ఆయన రాడని మార్చిలో నేనూ ఒక నోట్‌బుక్ కొన్నాను. గెలుస్తారనుకున్నవాళ్ళను రాసుకుని, వాళ్ళ ఎదుటివాళ్ళను నొక్కాను. నా అంచనాలు ఎప్పుడూ తప్పే గనక, తిరగేసేసరికి ఒప్పయి కూర్చున్నాయి. ఆరో స్థానం వచ్చింది. కాక ఎప్పటిలాగే ఆఖర్న ఉండి, వరుసంతా తిరిగి నా సంగతి చెప్పుకున్నాడు.

మే టోర్నీ మొదటి రోజు ఫోన్ తీసుకుని మా ఇంటికొచ్చాడు.

"మందంత పైకొచ్చిండ్రు. ఇగ నేను గూడ వస్త" అని, నా కళ్ళముందే, మొట్టమొదటిసారిగా నోట్‌బుక్‌లో రాసుకున్న పేర్లే నొక్కాడు.

పదికి పదిమందీ ఓడిపోయారు. కనకవ్వ మనవడు ఇప్పటికీ వెనక సందులోంచే పోతున్నాడు.