బైండింగు వదిన చేసిన కత్తెర కర్ర

అచ్చాఫీసులో కాగితాలు కోసే యంత్రం కింద కుడిచేతి చివరి రెండు వేళ్లూ పోయాక ఆమె బైండింగు పనికి వెళ్లడం మానేసింది. అయినా వీధిలో అందరికీ ఆమె బైండింగు వదినే.

ఆమె భర్త దర్జీ. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఇంట్లో పదునైన వస్తువేదీ ఆమెకు అందనిచ్చేవాడు కాదు. కత్తిపీట అటకెక్కింది. కూరలు తనే తరిగిపెట్టి దుకాణానికి వెళ్లేవాడు. మొదట్లో ఆ శ్రద్ధ ఆమెకు బాగానే ఉండేది. రానురాను ఊపిరాడనట్టయింది.

"నిమ్మకాయ కోసుకోవాలన్నా మీ అన్నయ్య రావాల్సిందే," అంది ఒకరోజు పక్కవాటాలో ఉండే ఆడపడుచుతో.

"అన్నయ్య తరిగిన బెండకాయలు చూశావా వదినా? టేపు పెట్టి కొలిచినట్టుంటాయి," అని నవ్విందామె.

పొద్దుపోక పెరట్లో మొక్కలు వేసింది. వాటిలో కాగితంపూల తీగ పై అంతస్తుదాకా పాకి, ఇంటి ఓనరమ్మ కిటికీని కప్పేసింది. ఆ గదిలో ఓనరమ్మ అత్తగారు మంచం మీదే ఉంటుంది.

"పట్టపగలే లైటు వేయాల్సొస్తోందమ్మా. ఆదివారం మనిషిని పిలిచి మొదలంటా కొట్టించేస్తాను, ఏమనుకోకు," అంది ఓనరమ్మ.

వదిన మొక్కల దుకాణానికి వెళ్లి కొమ్మలు కత్తిరించే కత్తెర పట్టి చూసింది. దాని స్ప్రింగు గట్టిది. నొక్కబోతే పిడి వేళ్లలోంచి జారిపోయింది. తిరిగి బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చింది. పట్టు పోయింది వేళ్లకే కదా, చంకకూ మోచేతికీ కాదు కదా అనుకుంది.

మంచం కింది పెట్టెలో భర్త వాడకం మానేసిన పాత కత్తెర దొరికింది. దాని ఒక పిడిని కర్టెన్ గొట్టం కొసకు కట్టింది. రెండో పిడికి బట్టలారేసే తాడు కట్టి, గొట్టానికి బిగించిన కర్టెన్ రింగులోంచి కిందికి దించింది. తాడు లాగితే కత్తెర మూసుకోవాలి, వదిలితే తెరుచుకోవాలి. అందుకని పిడుల మధ్య టార్చిలైటు స్ప్రింగు పెట్టింది.

గొట్టం చంకలో ఇరికించుకుని ఎడమచేత్తో తాడు లాగింది. కత్తెర కొమ్మను కరిచింది గానీ వదల్లేదు. స్ప్రింగు చాల్లేదు. గొట్టం గాల్లో వేలాడుతుంటే, పక్కవాటాలోంచి వచ్చి చూస్తున్న ఆడపడుచు నవ్వలేక చతికిలబడింది. సరిగ్గా అప్పుడే దర్జీ ఇంటికొచ్చాడు.

"అది నా కత్తెర కదూ?"

"మీరు పారేసిందే."

"గుడ్డ తప్ప ఇంకోటి తగలనివ్వలేదు దానికి." అతని చూపు మాత్రం కత్తెర మీద లేదు, ఆమె చేతి మీద ఉంది. "తెగిందా?"

"కత్తెర అంత ఎత్తునుంటే నాకెలా తెగుతుంది?" తర్వాత ఆమె గొంతు తగ్గింది. "అయిందేదో అయిపోయింది. మీరే నన్ను ఇంకా ఆస్పత్రి మంచం దిగనివ్వడం లేదు."

ఆడపడుచు నవ్వు ఆపేసింది. దర్జీ స్టూలు తెచ్చుకుని ఎక్కి, కత్తెరను విడిపించాడు.

"మర బిగుసుకుపోయింది. దుకాణంలో విరిగిన గొడుగొకటి ఉంది, దాని స్ప్రింగు సరిపోతుంది."

మర్నాడు గొడుగు స్ప్రింగు తెచ్చి, మిషను నూనె వేసి, కత్తెర సానపట్టి ఇచ్చాడు. తాడు కట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. "అది నాకొదిలెయ్యండి. బైండింగు ముడి జారదు."

ఆదివారానికి ముందే ఇద్దరూ పెరట్లోకి దిగారు. ఆమె తాడు లాగిన ప్రతిసారీ అతను మొహం తిప్పుకున్నాడు గానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. కిటికీ సగం బయటపడేసరికి లోపల్నుంచి ముసలావిడ గొంతు వినిపించింది.

"ఆ వారనున్న రెమ్మ ఉంచెయ్యమ్మా. ఇక్కణ్ణించి కనబడుతోంది."

వదిన దాన్ని ముట్టుకోలేదు. ఓనరమ్మ తీగ కొట్టే మనిషికి రావద్దని చెప్పింది. ఆ తర్వాత లావు కొమ్మల కోసమని వదిన విరిగిన కుక్కరు పిడికి రంపం బ్లేడు బిగించడం మొదలుపెట్టింది. మరలు బిగించే పని దర్జీది. బ్లేడు మరీ పదునుగా ఉందని అతను గొణుగుతూనే ఉన్నాడు.