గోరు తీయకూడని వారాలు

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా అద్దె ఇంటి వరండాలో, ఒక శుక్రవారం పొద్దున, గచ్చు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. లెక్కపెట్టాను... పదకొండు. చివరి చుక్క కుందేలు పెట్టె దగ్గర ఆగింది.

కుందేలు పేరు దూది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దానికి మేత వేయడం, పెట్టె శుభ్రం చేయడం, గోళ్లు పెరిగితే నాన్నకు గుర్తు చేయడం... ఈ మూడూ నా పనులు.

గోళ్ల దగ్గరే వచ్చేది చిక్కు. మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు ఎవరూ గోళ్లు తీయకూడదు. సోమవారం అమ్మ ఉపవాసం. గురువారం నాయనమ్మ ఒక్కపొద్దు. శనివారం నాన్న పుట్టిన వారం. ఇక దీపం పెట్టాక ఏ రోజైనా సరే, కూడదు.

"మనిషిదైతేనేం, కుందేలుదైతేనేం... గోరు గోరే" అనేది నాయనమ్మ.

మిగిలినవి బుధవారం, ఆదివారం. అంతకుముందు ఆదివారం అమావాస్య పడింది. బుధవారం నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ దీపం పెట్టేసింది.

గురువారం సాయంత్రం దూది ముందుకాలి గోరు, పెట్టెలో పరిచిన గోనెపట్టా పోగుల్లో చిక్కుకుని ఉంది. నేనే విడిపించాను. గోరు కొక్కెంలా వంగి ఉంది. ఆదివారం ఎంతో దూరం లేదు కదా అనుకున్నాను... ఎవరికీ చెప్పలేదు. ఆ పట్టా తీసేయాలని కూడా నాకు తోచలేదు.

తెల్లారేసరికి గోరు మొదలంటా చీలి, సగం ఊడి వేలాడుతోంది.

అమ్మ చిటికెడు కాఫీపొడి అద్దింది. రక్తం ఆగింది. దూది కదిలింది... గోరు మళ్లీ పట్టాకు తగిలింది... మళ్లీ రక్తం. ఆ వేలాడే ముక్కను కత్తిరించేస్తే సరిపోయేది. కత్తెర అలమరలోనే ఉంది. అందరికీ తెలుసు. ఎవరూ అటు వెళ్లలేదు.

"ఆదివారం పొద్దున్నే తీసేస్తాను, ఏడవకు" అని నాన్న ఆఫీసుకు వెళ్లిపోయారు.

"శుక్రవారం పూట గుమ్మంలో రక్తమేంటి? ఆ పెట్టె పెరట్లో పెట్టండి" అంది నాయనమ్మ. పెట్టాం.

కుందేలు నొప్పి వచ్చినా అరవదు. మూలకు ఒదిగి కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం పెట్టెలోంచి కరకరమని చప్పుడు వినిపించి, మేత తింటోందని సంతోషించాను. సాయంత్రం చూస్తే నేను వేసిన ఏడు కొత్తిమీర కాడలూ ఏడుగానే ఉన్నాయి... అది తినడం కాదు, నొప్పికి పళ్లు నూరుకోవడం.

శనివారానికి పాదం ఉబ్బింది. ముట్టుకుంటే వేడి. పెట్టె దగ్గరికి వెళ్తే ఏదో వాసన. గోడ వారగా ఒక చీమల బారు బయలుదేరి, తొందరేమీ లేనట్టు, పెట్టె వైపే వస్తోంది. నీళ్లు పోశాను. పక్కకు తిరిగి మళ్లీ వచ్చింది.

మా పక్కింట్లో సుగుణమ్మ గారని ఒక నర్సు ఉండేవారు. డ్యూటీ దిగి వస్తూ, నేను పెరట్లో నీళ్లు పోయడం పిట్టగోడ మీంచి చూసి వచ్చేశారు.

"ఏంది పాపా, గింత వాసనొస్తుంది? ఎన్నొద్దులాయె?"

"నిన్నటి నుంచి..."

ఆవిడ వంగి చూసి నాయనమ్మ వైపు తిరిగారు. "గా ఏలాడే గోరు అట్లనే ఉంచిన్రా, పెద్దమ్మా?"

"ఇవాళ మా అబ్బాయి పుట్టిన వారం, సుగుణమ్మా. రేపు తీస్తాడులే."

"గా ముచ్చట చీమలకు జెప్పున్రి మరి."

"నీకేమ్మా... మీకు ఆదివారం చర్చి ఒక్కటే పట్టింపు."

"మా డ్యూటీకి గది సుత లేదు పెద్దమ్మా" అంటూనే ఆవిడ కత్తెర మరిగించమని అమ్మకు చెప్పారు. తర్వాత అన్నారు, "దీన్ని ఎవరన్న గట్టిగ పట్టుకోవాలె. జర కదిలినా వేలు తెగుతది."

నేను వెనక్కి జరిగాను. అప్పుడు నాయనమ్మ మడిచీరతోనే కింద కూర్చుని, దూదిని తీసి ఒళ్లో పెట్టుకుంది. కత్తెర పడినప్పుడు కళ్లు మూసుకుంది.

సుగుణమ్మ గారు ఉప్పునీళ్లతో కడిగి మెత్తటి గుడ్డ చుట్టారు. వెళ్తూ వెళ్తూ నాతో అన్నారు, "తింటే బతుకుతది పాపా. తినకుంటే... నేను చెప్పలేను."

నేను కాడలు మార్చి మార్చి వేశాను. నాయనమ్మ దాని మూతిని నీళ్లతో తడుపుతూ చాలాసేపు కూర్చుంది.

ఆదివారం పొద్దున నాన్న, మాటిచ్చినట్టే, కొత్త బ్లేడు పట్టుకుని పెరట్లోకి వచ్చారు. మిగతా గోళ్లు తీసేద్దామని. ఆ రోజు ఏ అడ్డూ లేదు... తిథి మంచిది, దీపానికి ఇంకా చాలా పొద్దుంది.

దూది పక్కకు ఒరిగి, కాళ్లు బిగదన్ని పడుకుని ఉంది. చీమలు అప్పటికే గుడ్డ మీదికి ఎక్కాయి.

నాన్న బ్లేడు మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

నాయనమ్మ వారాల పట్టింపు మానలేదు. కానీ తను బతికున్నన్నాళ్లూ ఇవాళ చెయ్యకూడదు అనే మాట నాతో మాత్రం అనలేదు. నేను కూడా గురువారం చూసిన సంగతి ఆవిడకు చెప్పలేదు. తప్పు తన ఒక్కదానిదే అనుకుని వెళ్లిపోయింది... ఇది నేను ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను.

ఇప్పుడు పంజాగుట్టలో మా ఫ్లాట్‌లో నా మనవరాలికి ఒక కుందేలుంది. మొన్న దాని గోరు చీలింది. పిల్ల ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గంటలో తిరిగొచ్చింది. ఆ రోజు ఏ వారమో ఎవరూ అడగలేదు. మంచిదే. అయితే ఆ గంటసేపూ, పక్క తలుపు తట్టి ఒక మాట అడుగుదామంటే, అక్కడ ఎవరుంటారో నాకు తెలియదు... తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను.

మీ ఇళ్లలో ఏ పని ఏ వారానికి ఆగిపోయేదో రాయండి. ఆగినందువల్ల ఏం జరిగిందో కూడా రాయండి... అందులో మీ వంతు ఎంతో దాచకుండా.