నర్సమ్మల ట్రైనింగులో నా ఆఖరి గడియలు

ఆ రోజుల్లో మా సీమ పక్క పెద్ద జబ్బు చేసిన మనిషికి మందుకన్నా ముందు అబద్ధం ఇచ్చేవాళ్లు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, చుట్టాలొస్తే తలా ఒకటి. ఇప్పుడు ఆ అలవాటు కొంచెం తగ్గింది. తగ్గడంలో నా చెయ్యి ఏమీ లేదు, నేను చేసిందల్లా మంచం మీద పడుకోవడమే. మా ఆయన పోయినాక, తల నెరిసే వయసులో, ఆదోనిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరినాను. (వయసుకు పెద్దదాన్నే గానీ కొలువులో పసిదాన్ని. వార్డు పేరు చదివి లోపలికి పోవడం కూడా ఆడ చేరినాకే నేర్చుకున్నాను. అంతకుముందు వాసన పట్టి పోయేదాన్ని.) అందుకే దీన్ని నా చిన్నతనం కింద లెక్కేసుకుంటాను. మీరు నవ్వుకుంటే నాకేం బాధ లేదు.

మా ఆసుపత్రిలో వెనకవైపు గదిలో క్యాన్సర్ ముదిరినోళ్ల కోసం కొత్తగా మంచాలు వేసినారు. జబ్బు నయం చేసేందుకు కాదు, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకునేందుకు. మంచాలైతే వేసినారు గానీ ఆ గదిలోకి పోవాలంటే సిస్టర్లకు భయం. గుమ్మంలోనుంచే "ఏం కాదులేమ్మా, తగ్గిపోతాది" అనేసి, సూది వేసి, ఉరుకో ఉరుకు. అట్లాంటి రోగులతో ఎట్లా మాట్లాడాలో నేర్పేదానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది.

మా ఇంటి సంగతి కూడా చెప్పాల, లేకపోతే మీకు అర్థం కాదు. మా అక్కది ఎమ్మిగనూరు. కడుపులో గడ్డ. కర్నూల్లో డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదని పంపేసినారు. ఆమె కొడుకు ఆటో తోలతాడు, అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే "అల్సర్ మా, అల్సర్" అని ఆమెకు చెప్పుకుంటూ వచ్చినాడు. ఆమె కడుపుకు దిండు అదుముకుని, నోట్లో చీరకొంగు కుక్కుకుని ఓర్చుకునేది. మా ఆసుపత్రికి తీసుకురారా అంటే, "ఆడికి పోయినోళ్లు తిరిగొచ్చినారా చిన్నమ్మా? ఆ నొప్పి మందిస్తే నిద్రలోనే పోతారంట. మాయమ్మకు ఏమీ తెలీదు, తెలిస్తే గుండె ఆగిపోతాది. నువ్వు నోరు తెరిస్తే మాత్రం మా గడప తొక్కొద్దు" అన్నాడు. నా నోరు అంతకుముందు ఎవరికీ మూతపడింది లేదు. వాడికి పడింది. అక్క గడప తొక్కకుండా నేను ఉండలేను మరి.

ట్రైనింగు రోజు సిస్టర్లు ఒకరి తర్వాత ఒకరు పేషెంటుగా పడుకుని కిసకిస నవ్వుతా ఉంటే మేడానికి విసుగొచ్చింది. నేల తుడుస్తాండిన నన్ను చూసి, "ఈమెను పడుకోబెట్టండి" అనింది. చేతికి సెలైన్ పైపు ప్లాస్టరు వేసి అంటించినారు. "మీకు కడుపులో క్యాన్సరమ్మా, ఇంక కొన్నాళ్లే. మిగతాది మీ ఇష్టం" అనింది మేడం. బాత్రూములు ఎవరు కడుగుతారు అని అడిగినాను. చనిపోయే మనిషి అది అడగదు అనింది. (అడుగుతాది. ఆడమనిషి అయితే కచ్చితంగా అడుగుతాది.)

మొదట వచ్చిన సిస్టరు ఆదోని పిల్లే, గాజుల అంగడి సాయబు కూతురు. భయమేస్తే ఆపకుండా మాట్లాడుతాదని అందరూ కుట్టుమిషన్ అనేవాళ్లం. వచ్చీ రాగానే "ఏంకాదమ్మా తగ్గిపోతాది రేపే ఇంటికి పోతావు బాగా తిను" అని టకటకా కుట్టేసింది. మేడం ఆపింది. "కుర్చీ లాక్కుని కూర్చో. ఆమెకు ఏం తెలుసో ముందు అడుగు. అబద్ధం చెప్పొద్దు. మాట దొరక్కపోతే ఊరికే చెయ్యి పట్టుకో." ఆ పిల్ల కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "నీకు ఎవరిని చూడాలని ఉందమ్మా?" అనింది. నాకు తెలియకుండానే "మా అక్కను" అన్నాను. కండ్లలో నీళ్లు కారిపోయినాయి. మేడం చప్పట్లు కొట్టి, ఎంత బాగా నటించిందో చూడండి అనింది. కాదని ఎవరికి చెప్పేది?

సరిగ్గా అప్పుడే కిటికీ అవతల మా తోడికోడలు ఉండాదని నాకేం తెలుసు? నందవరం నుంచి మోకాలి నొప్పికి చూపించుకునేదానికి వచ్చింది. ఆమెను మా ఇంట్లో రేడియో అంటారు. లోపలికొచ్చి ఒక మాట అడిగితే సరిపోయేది. అడిగితే రేడియో ఎందుకైతాది? కొంగుతో కండ్లొత్తుకుంటా బయటికి పోయి ఎమ్మిగనూరుకు, మా అక్కకు ఫోన్ చేసింది. "మీ చెల్లెలు ఆఖరి గడియల్లో ఉండాది. నిన్నే తలుచుకుంటాంది."

మధ్యాహ్నం పాఠం బంధువులతో ఎట్లా మాట్లాడాల అని. "నేను బయటి మనుషులను పట్టుకొస్తాను. ఏడుస్తారు, తిడతారు, మీరు నిజమనుకునే మాట్లాడాల" అని చెప్పి మేడం బయటికి పోయింది. నన్ను మాత్రం లేవొద్దనింది. పెరుగన్నం తిన్న కడుపు, పైన ఫ్యాను, కొలువులో చేరినాక నాకు దొరికిన మొదటి మంచం. నిద్ర పట్టేసింది.

నోట్లో నీళ్లు పడితే మెలకువ వచ్చింది. పొలమారి దగ్గుతా కండ్లు తెరిస్తే రేడియో, చేతిలో గ్లాసు, చెంచా. మా పక్క ఆఖరి గడియల్లో ఉన్నోళ్ల నోట్లో అయినోళ్లు తలా ఒక చెంచా నీళ్లు పోస్తారు. "గొంతు తడుపుకుని పోమ్మే" అంటాంది. "మంచం మీద ప్రాణం పోకూడదప్పా, కింద చాప వేయండి" అని సిస్టర్లకు పని చెప్తాంది. సిస్టర్లు ఒకరినొకరు చూసుకున్నారు. మేడం పంపిన బంధువు ఈమేనని నిశ్చయమైపోయింది. "యాడ పట్టుకొచ్చిందే ఈమెను, భలే చేస్తాంది" అని ఒకామె గుసగుస. ఇంకొకామె నేర్చుకున్న పాఠం మొదలుపెట్టింది. "కూర్చోండమ్మా. ముందు మీకేం తెలుసో చెప్పండి." రేడియోకు కోపమొచ్చింది. "నాకేం తెలుసా? నాకు తెలియంది ఈ తాలూకాలో ఉందా?"

నేను లేవబోయినాను. ఇద్దరు సిస్టర్లు భుజాలు పట్టి పడుకోబెట్టి, "ఆయమ్మా, నువ్వు మాట్లాడే ఓపిక లేని పేషెంటువి" అని చెవిలో చెప్పినారు. అంతలో గుమ్మంలో మా అక్క. కొడుకు భుజం పట్టుకుని, ఇంకో చేత్తో దిండు కడుపుకు అదుముకుని. ఆసుపత్రి వాకిలి తొక్కనియ్యని కొడుకే ఆమెను మోసుకొచ్చినట్టు తెచ్చినాడు. ఆమె నా కాళ్ల దగ్గర కూర్చుని, ఆయాసం తీర్చుకుని, "నాకన్నా ముందు పోతాండావా? వరుస నాది కదమ్మే" అనింది.

"మా, ఏం మాట్లాడతాండావు?" అన్నాడు కొడుకు.

కుట్టుమిషన్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. నిదానంగా అడిగింది. "వరుస నీదని ఎందుకనుకుంటాండావు పెద్దమ్మా?"

"వీడు అల్సర్ అంటాడు. కర్నూల్లో డాక్టరు వీణ్ని బయటికి పిలిచి మాట్లాడినాడు. అల్సర్‌కు బయటికి పిలుస్తారా? వీడికి భయమని నేనే తెలియనట్టు ఉండాను." కొడుకు గోడకు ఆనుకున్నాడు. అక్క వాడి వైపు చూడలేదు. "ఎన్నాళ్లుంటానో అడగను తల్లీ. ఈ నొప్పి పోతాదా, అది చెప్పు."

అది పాఠమే అనుకున్న పిల్ల కాబట్టి తడబడలేదు, ఉరకలేదు. "గడ్డను మేము తీసెయ్యలేకపోవచ్చు పెద్దమ్మా. నొప్పికి మందుంది. డాక్టరు చూసి ఇస్తాడు. నువ్వు ఓర్చుకోవాల్సిన పని లేదు."

"అది ఇస్తే నిద్రలోనే పోతారంట గదా?" అన్నాడు కొడుకు.

"కొలత ప్రకారం ఇస్తారన్నా. నొప్పితో నిద్రలేనోళ్లకు అది తగ్గితే నిద్ర పడతాది. అంతే." ఇంక మాట దొరకలేదేమో, అక్క చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంది. రేడియో చెంచా గ్లాసులో వేసేసింది.

అప్పుడు మేడం వచ్చింది. వెనక ఇద్దరు మనుషులు. "ఇదిగో, మీ బంధువులు వచ్చినారు" అనింది. సిస్టర్లు ఆ ఇద్దరిని చూసినారు, మా వాళ్లను చూసినారు. ఇంక నన్ను పట్టుకునేవాళ్లు లేరు, లేచి కూర్చున్నాను. "వీళ్లు నా వాళ్లు మేడం. ఈమె నా సొంత అక్క. జబ్బు నిజం."

కుట్టుమిషన్ చటుక్కున లేవబోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోతే అక్క వదల్లేదు. "ఏమ్మా, నువ్వు చెప్పింది అబద్ధమా?"

"లేదు పెద్దమ్మా. అంతా నిజమే."

"మరి కూర్చో." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సస్తాండావని తిన్న ముద్ద వదిలేసి వస్తి. సిగ్గులేకుండా గుండ్రాయిలా ఉండావే." రేడియో మిగిలిన నీళ్లు కిటికీలోనుంచి పారబోసి, ఇంత దూరం వస్తే మనిషి పోలేదే అన్నట్టు నన్ను చూసింది. (గోనెగండ్ల చుట్టాలకు కూడా చెప్పేసిందట. ఆ సాయంత్రమంతా ఫోన్లు. నేనే ఎత్తి "శవాన్ని ఎప్పుడు తీస్తారు?" అనే వాళ్లకు ఇంకా ఆలస్యమైతాదని చెప్పుకుంటూ వచ్చినాను. ఆదివారమైతే మాకు వీలని ఒకాయన అడిగినాడు, నా గొంతు గుర్తుపట్టకుండానే.)

డాక్టరు చూసినాడు, మందు రాసినాడు. కొలత కుదిరేదానికి కొంచెం టైము పట్టింది. కుదిరినాక అక్క దిండు తీసి తల కింద పెట్టుకుని పడుకుంది. కొడుకు మంచం పక్కనే కూర్చుని ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటా ఉన్నాడు. చాలాసేపటికి ఆమె కండ్లు తెరవకుండానే, "చెయ్యి తియ్యిరా, ఊపిరాడనియ్యి" అనింది. వాడు నవ్వినాడు, ఏడ్చినాడు, ఏది ముందో నేను చూడలేదు. ఎమ్మిగనూరుకు పోయి అక్క ఇంకో చలికాలం చూసింది. బొరుగుల ఉగ్గాని తినింది, కోడలిని తిట్టింది, నాకు ఫోన్ చేసి ఇంకా ఉండావా అని అడిగింది. పోయేటప్పుడు ఇంట్లోనే, నొప్పి లేకుండా, కొడుకుతో దాపరికం ఏదీ లేకుండా పోయింది.

కొలువు దిగినాక కూడా కొత్త సిస్టర్లు వస్తే నన్నే పిలుస్తారు పడుకునేదానికి. ఎన్నిసార్లు పోయినానో నాకే గుర్తులేదు, బాగా అలవాటైపోయింది. మొన్న ఒక చిన్నపిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, "భయంగా ఉందా అవ్వా?" అని అడిగింది. ఆ పిల్లకు నేను పాఠంలో పేషెంటునే, నా వయసు మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. ఎప్పుడూ చెప్పే "నాకేం భయం" నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "కొంచెం ఉండాది, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. నేను ముసిముసిగా నవ్వుకుంటా కండ్లు మూసుకున్నాను.