చెంబు ఖాళీ అయ్యేదాకా

నా చిన్నప్పుడు మా గుడిసెలు రోడ్డుతో పాటే ముందుకు జరిగేవి, బడి వెనకే ఉండిపోయేది. అందుకే ఈ సంగతి రాయడానికి, మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకునేదాకా ఆగవలసి వచ్చింది.

ఆ వేసవి భద్రాచలం అడవి అంచున తారు రోడ్డు పడుతోంది. అమ్మ కంకర తట్టలు మోసేది. అందరికీ నీళ్లందించడం నా పని. మగవాళ్లు గటగటా తాగేవారు. అమ్మ మాత్రం చెంబు పెదాలకు తాకించి, నేను తల తిప్పగానే కంకర మీద పారబోసేది. దొంగచాటుగా చూశాను. మిగతా ఆడవాళ్లదీ అదే వరస. నీళ్లలో ఏదో ఉందని, అది వాళ్లకు తెలిసీ నాకు చెప్పకుండా దాస్తున్నారని అనుమానం పట్టుకుంది. అమ్మ పొద్దున్నే ఒంటికి పోయి వచ్చి, మంటకు పొత్తికడుపు పట్టుకుని కూర్చోవడం చూశాక అది గట్టిపడింది. నేనూ పనిచోట నీళ్లు తాగడం మానేశాను.

ఒక మధ్యాహ్నం అమ్మ తట్టతో సహా కూలబడింది. కళ్లు తేలేసింది. మా పెద్దమ్మ పరుగున వచ్చి, నీడకు లాగి, నీళ్లు పట్టబోతే నేను చెంబు లాక్కున్నాను.

“వద్దు పెద్దమ్మా. గా నీళ్లల్ల ఏదో కలిపిండ్రు.”

పెద్దమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుని సగం తానే తాగి, మిగతావి కొద్దికొద్దిగా అమ్మకు పట్టింది.

“ఏం కలపలే బిడ్డా. తాగితే మల్ల యాడికి పోవాలె? రోడ్డు పొంటి చెట్లన్నీ కొట్టేసిరి. ఎటు జూసినా లారీలు, మగోళ్లు.”

మా గుడిసెల గోడలన్నీ ఖాళీ తారు డ్రమ్ములు కోసి చదును చేసిన రేకులే. ఆ సాయంత్రం పెద్దమ్మ తన గుడిసెకున్న మూడు రేకులు ఊడబీకి, పని జరిగే చోట రోడ్డు పక్కన మూడు వైపులా దాపుగా పాతింది. మేస్త్రి అనుమానంగా చుట్టూ తిరిగాడు.

“ఏందవ్వా, దుకాణం పెడుతున్నవా?”

“అవ్, ఆడోళ్ల దుకాణం. నీకిక్కడ బేరం లేదు, పో.”

తర్వాత రోడ్డు జరిగినంత దూరం ఆ రేకులూ జరిగాయి. పెద్దమ్మ గుడిసెకు మాత్రం ఒక పక్క పాత చీరే గోడ.

ఇప్పటికీ ఎక్కడ రోడ్డు పని కనిపించినా, ఆడవాళ్లకు దాపు ఎక్కడుందా అని నా కళ్లు ముందు వెతుకుతాయి.

పెద్దమ్మ మాట నేను వెంటనే నమ్మలేదు. రేకులు పాతిన మరునాడు పొద్దున్నే మొదటి చెంబు అమ్మకే ఇచ్చి, తల తిప్పకుండా ఎదురుగా నిలబడ్డాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె గొంతు కదలడమే చూశాను. ఆ తర్వాత ఇంకో చెంబు ముంచుకుని నేనూ తాగాను.