పిలుపు మాన్పించిన చెల్లెలు

కాలేజీలో ఆవిణ్ణి అందరూ పావురాలమ్మ అనేవారు. వెక్కిరింపుగా మొదలై అదే పేరుగా స్థిరపడిపోయింది. నలభై దాటాక జంతువుల, మనుషుల ప్రవర్తన విశ్లేషణ చదవడానికి చేరింది. తోటివాళ్లు ఫోన్లలో తలలు దూర్చుకుని కూర్చుంటే, ఈవిడ ప్రయోగశాలలో పావురాల పెట్టెల ముందు కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చునేది. ఇంత వయసొచ్చాక చదువెందుకని ఎవరైనా అడిగితే, "ఖాళీగా ఉంటే మీలాగా పక్కవాళ్ల సంగతులు ఆరా తీస్తానేమోనని భయం" అనేది.

ఇంట్లో మాత్రం ఆవిడ చిన్ని. అలా పిలిచేది ఒక్క అక్కే. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని పెంచింది ఆ అక్క. గోదాములో గుమాస్తా పని చేసుకుంటున్న చెల్లెల్ని పోరి పోరి కాలేజీలో చేర్పించిందీ ఆవిడే. తీరా చేరిన ఏడాదే పక్షవాతం వచ్చి అక్క కుడి పక్క పడిపోయింది. మాట ఒక్కటే మిగిలింది. ఇక ఆ మాటకు రోజంతా తెరపి లేదు.

"చిన్నీ, ఆ కిటికీ వెయ్యవే."

"చిన్నీ, ఇంట్లోనే ఉన్నావా?"

పుస్తకం మూసి పరుగెత్తితే, "ఏం లేదులే, ఊరికే పిలిచా" అనేది.

ప్రయోగశాలలో పెట్టె గోడకు ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. పావురం దాన్ని ముక్కుతో పొడిస్తే గింజలు పడతాయి. గింజలు ఆపేస్తే ముందు పూనకం వచ్చినట్టు పొడుస్తుంది, రెక్కలు టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు ఎవరైనా జాలిపడి నాలుగు గింజలు వేశారో, మరింత మొండికేస్తుంది. మనసు రాయి చేసుకుని ఓపిక పడితే, నెమ్మదిగా పొడవడం మానేసి ఓ మూల నిలబడుతుంది. చిన్ని ఇదంతా కళ్లారా చూసింది. చూసి ఊరుకుంటే బాగుండేది.

అక్క పిలుపుకు గింజ తనేనని ఆవిడకు తోచింది. పిలిస్తే వెళ్లకూడదు, ఊరుకున్నప్పుడే వెళ్లాలి అనుకుంది. పరీక్షలు నెత్తిమీదున్నాయి మరి. మొదటి రోజుల్లో అక్క ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"చిన్నీ! ఉన్నావా, పోయావా? ఒసేయ్, నిన్నే!"

ముందు గదిలో చిన్ని పుస్తకాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని కూర్చునేది. పుస్తకంలో రాసినట్టే జరుగుతోందని లోలోపల మురిసిపోయింది కూడా. తెలివి తెల్లారినట్టే ఉంది! గొంతు ఆగాక వెళ్లి పక్కన కూర్చుని, తల దువ్వి, కబుర్లు చెప్పేది. కొన్ని వారాలకు ఇంట్లో పిలుపన్నది వినబడలేదు.

ఈ ఘనకార్యం పాఠం చెప్పే మేడమ్‌కు చెప్పుకుంది. మేడమ్ మెచ్చుకోలేదు.

"పిలిచినప్పుడల్లా ఆవిడకి ఏం కావాలో చూశారా?"

"అన్నీ చిన్న చిన్నవే మేడమ్. సగం సార్లు ఊరికే పిలిచేది."

"పావురాన్ని ఆకలితో ఉంచింది మనమే. అది ఎందుకు పొడుస్తోందో మనకి తెలుసు. మీ అక్కగారు ఎందుకు పిలుస్తున్నారో ముందు కనుక్కోవాలి కదమ్మా? నొప్పో, భయమో?"

చిన్నికి తల కొట్టేసినట్టయింది. అక్కనే అడుగుదామనుకుంది. పరీక్షలయ్యాక అడగొచ్చులే అని కూడా అనుకుంది.

పరీక్ష ముందురోజు పొద్దుటి నుంచీ ఇల్లు ప్రశాంతంగా ఉంది. చదువు చక్కగా సాగింది. మధ్యాహ్నం కంచం పట్టుకుని వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. అక్క మంచానికీ గోడకూ మధ్య నేలమీద పడి ఉంది. కాలు వంకరగా ఒరిగి ఉంది. పెదవులు ఎండిపోయాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"అక్కా! ఎప్పుడు పడ్డావు?"

"పొద్దున. నువ్వు టీ ఇచ్చి వెళ్లాక."

"ఒక్క కేక వెయ్యొచ్చుగా! పక్కగదిలోనే ఉండి ఏడ్చానుగా!"

"పిలిస్తే రావు కదే. ఊరుకుంటేనే వస్తావు. అందుకే ఊరుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అప్పజెప్పిన పాఠంలా ఉంది.

ఆసుపత్రిలో అక్క తుంటి ఎముక అతికించి ఇంటికి పంపారు. ఆ ఏడు చిన్ని పరీక్ష రాయలేదు. గింజలు మళ్లీ పడితే పావురం మళ్లీ పొడుస్తుంది. ఆ ఒక్క ఆశే చిన్నికి మిగిలింది. అక్క దగ్గినా, దుప్పటి కదిలినా పరుగెత్తేది. "పిలువు అక్కా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేది. "అలాగేలే" అనేది అక్క. పిలిచేది కాదు.

ఒక సాయంత్రం చిన్ని తలుపు పక్కన నిలబడి లోపలికి చూసింది. అక్క ఎడమ చెయ్యి నీళ్లగ్లాసు కోసం సాగింది. అందలేదు. అక్క తలుపు వైపు చూసింది. పెదవులు విడివడ్డాయి. అంతలోనే అక్క నోరు మూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, కదలకుండా పడుకుంది.

ఇప్పుడు వెళితే ఆ మౌనానికే గింజ వేసినట్టు. వెళ్లకపోతే అక్కకు దాహం. ఏం చెయ్యాలో ఆవిడ చదివిన చదువు చెప్పలేకపోయింది. చిన్ని వెళ్లి, అక్క తల ఎత్తి పట్టుకుని నీళ్లు తాగించింది.

అక్క మొహం విప్పారింది. "వస్తావని నాకు తెలుసే. అందుకే గట్టిగా నోరు మూసుకున్నా" అంది.